బాస్ గిటార్ నెక్ మీది పూత చేతికి నిజంగా తెలుస్తుందా?

నాలుగుతీగలు:
నా దగ్గర రెండు బాస్ గిటార్లు ఉన్నాయి. రెండింటి స్కేల్ పొడవూ (తీగ మోగే పొడవు) 34 అంగుళాలే, రెండింటి నెక్కూ (చేత్తో పట్టుకునే పొడవాటి మెడ భాగం) మేపుల్ కొయ్యే. మొదటిదాని నెక్ వెనుక అద్దంలా నిగనిగలాడే పాలీయురథేన్ పూత ఉంది, రెండవదానికి మెరుపు లేని శాటిన్ పూత ఉంది. మొదటి పావుగంట రెండూ ఒకేలా ఉంటాయి. గంటసేపు వాయించిన తరువాత మాత్రం నిగనిగలాడే నెక్‌పై బొటనవేలు అంటుకుపోతుంది, కింది ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) నుంచి పై ఫ్రెట్లకు వెళ్లేటప్పుడు చెయ్యి ఆగి ఆగి కదులుతుంది. ఆ మెరుపును శాండ్‌పేపర్‌తో తీసేయాలని అనుకుంటున్నాను. నాతో కలిసి వాయించే మిత్రుడు ఇది కేవలం ఊహ అనీ, తేడా అంతా నెక్ ఆకారంలోనే ఉందనీ గట్టిగా వాదిస్తున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పండి: పూత వల్ల వాయింపు మారుతుందా?

మంద్రం:
ఊహ అని నేను అనను. కాని పూత మీద దానికి తగినదానికంటే ఎక్కువ నింద పడుతోందని నా అభిప్రాయం. మీ రెండు గిటార్ల మధ్య తేడా పూత ఒక్కటే అని మీరు ఎలా నిర్ధారించుకున్నారు? ఫెండర్ సంస్థ జాజ్ బాస్ తరహా నెక్ నట్ (నెక్ పైకొన దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర సుమారు 1.5 అంగుళాల వెడల్పు ఉంటుంది, అదే సంస్థ ప్రెసిషన్ బాస్ తరహా నెక్ నేడు ఎక్కువగా 1.625 అంగుళాలు ఉంటుంది. ఈ ఎనిమిదో వంతు అంగుళం తేడాను, దానికి తోడు వెనుక వంపు ఎంత లావుగా ఉందనే దానిని, ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు బిగించిన ముందుపలక) అంచులు గుండ్రంగా ఉన్నాయా పదునుగా ఉన్నాయా అనేదానిని చెయ్యి వెంటనే పసిగడుతుంది. తీగలు ఎత్తుగా ఉంటే వేళ్లు ఎక్కువ బలంతో నొక్కాలి, వేళ్లు ఎంత నొక్కితే వెనుక బొటనవేలు అంత ఎదురునొక్కుతుంది. ఆ ఒత్తిడి పెరిగినకొద్దీ ఏ పూత మీదైనా రాపిడి పెరుగుతుంది. గంట గడిచాక చెయ్యి అలసి, తెలియకుండానే పట్టు బిగుస్తుంది. మీరు పూతను దోషిగా చూస్తున్న చోట నాకు మీ బొటనవేలి బిగువు కనిపిస్తోంది.

రికెన్‌బ్యాకర్ 4003 అనే బాస్ నెక్ వెనుక భాగమే కాక ఫ్రెట్‌బోర్డ్ కూడా చాలా ఏళ్లు మెరిసే పూతతోనే వచ్చింది. దానిపై ఎంతో వేగంగా వాయించేవారు ఉన్నారు. మెరుపే అడ్డంకి అయితే వారికి అది సాధ్యమయ్యేది కాదు.

కొయ్యపని:
మంద్రం గారు ఒత్తిడి గురించి చెప్పినది పూర్తిగా నిజం. అయితే ఆ వాదన పూతను పక్కకు నెట్టేయదు. ఎందుకంటే రాపిడి ఒత్తిడి మీద ఎంత ఆధారపడుతుందో, చర్మం, పూత కలిసే చోటి స్వభావం మీదా అంతే ఆధారపడుతుంది. నేను వాయిద్యాల మరమ్మతు చేస్తాను. ఇదే సందేహంతో నా సొంత బాస్ మీద ఒక పని చేశాను. మెరిసే నెక్ వెనుక, ఐదవ ఫ్రెట్ నుంచి పైభాగాన్ని టేపుతో కప్పి, కింది భాగాన్ని మాత్రమే సన్నగా రుద్ది మెరుపు తీసేశాను. కొయ్య ఒకటే, వంపు ఒకటే, తీగలూ అవే. చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని కూర్చున్నప్పుడు హద్దు ఎక్కడుందో వేలికి లీలగా మాత్రమే తెలిసింది, మెరిసే భాగమే కొంచెం ఎక్కువ జారినట్టు కూడా అనిపించింది. అరచేతికి చెమట పట్టిన తరువాత మాత్రం ఐదవ ఫ్రెట్ దాటగానే చెయ్యి పట్టేసినట్టు ఆగేది. కళ్లు మూసుకుని ఇంకొకరిచేత గిటార్ పట్టించుకుని చూసినా ఆ హద్దును తప్పు చెప్పలేదు. ఒక్కరి చెయ్యి అందరికీ ప్రమాణం కాదని ఒప్పుకుంటాను. కాని ఇక్కడ ఆకారాన్ని కారణంగా చూపడానికి వీలు లేదు.

దీనికి కారణం తేమ. పొడి చర్మం గట్టిగా ఉంటుంది కాబట్టి నునుపైన పూతను కొద్ది చోట్లే తాకుతుంది. కాస్త చెమ్మగిల్లిన చర్మం మెత్తబడి ఆ నునుపుకు అతుక్కున్నట్టు పరుచుకుంటుంది, తాకే వైశాల్యం పెరిగి రాపిడి ఎక్కువవుతుంది. నీళ్లు కారేంత తడి అయితే మళ్లీ జారుతుంది, ఇబ్బంది అంతా ఆ నడిమి స్థితిలోనే. శాటిన్ పూతలో మెరుపును చంపడానికి కలిపే సన్నని పొడి వల్ల ఉపరితలం కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లతో ఉంటుంది. చర్మం ఆ గుట్టల కొనలనే తాకుతుంది, చెమ్మకు పల్లాలు మిగులుతాయి. కాబట్టి మెరుపు పూత మంచిదా, శాటిన్ మంచిదా అని అడగడం కంటే, మీ అరచెయ్యి ఎంత చెమ్మగిల్లుతుంది అని అడగడం సరైనది. రికెన్‌బ్యాకర్‌పై వేగంగా వాయించేవారి అరచేతులు పొడిగా ఉంటాయేమో, వారు బొటనవేలిని తేలికగా ఆనిస్తారేమో.

గిటార్ వాయించేవారి కంటే మనకు ఇది ఎక్కువ పట్టింపు కావడానికి కొలతే కారణం. 34 అంగుళాల స్కేల్‌లో మొదటి ఫ్రెట్ నట్ నుంచి సుమారు 1.9 అంగుళాల దూరంలో, పన్నెండవది 17 అంగుళాల దూరంలో ఉంటుంది. అంటే ఒక్క స్వరమాలికలో బొటనవేలు నెక్ వెంట దాదాపు 15 అంగుళాలు, 38 సెంటీమీటర్లు, ప్రయాణించవలసి రావచ్చు.

పూతలన్నింటినీ ఒక్క గాటన కట్టలేము. 1951లో ప్రెసిషన్ బాస్ వచ్చిన కాలపు నైట్రోసెల్యులోజ్ లాకర్ (ఒక రకం వార్నిష్ పూత) పలుచగా ఉండి, చేతి రాపిడికి క్రమంగా అరిగి నునుపెక్కుతుంది. అదే లాకర్ కొత్తగా ఉన్నప్పుడు జిగురుగా తోచవచ్చు, రబ్బరు లేక ఫోమ్ తొడిగిన స్టాండ్‌కు ఆనించి ఉంచితే మెత్తబడి మచ్చ పడుతుంది. పాలీయురథేన్, పాలియెస్టర్ గట్టివి, చెమటకు లొంగవు. ఎర్నీ బాల్ మ్యూజిక్ మ్యాన్ సంస్థ తన స్టింగ్‌రే బాస్ నెక్‌లకు తుపాకీ కర్రలకు వాడే నూనెను, మైనాన్ని రుద్దుతుంది. వాటిని పట్టుకుంటే పూతను కాక కొయ్యనే తాకినట్టుంటుంది, ఆ స్పర్శ అంటే నాకు చాలా ఇష్టం. (ఫ్రెట్‌బోర్డ్ మీది పూత వేరే సంగతి. ప్రసిద్ధ బాస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన 1962 నాటి, ఫ్రెట్లు లేని జాజ్ బాస్‌కు పడవలకు వాడే ఎపాక్సీ పూసినది తీగలు కొయ్యను కోసేయకుండా ఉండడానికి. చెయ్యి జారడానికి కాదు.)

మంద్రం:
టేపు ప్రయోగం ముందు నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. అయినా రెండు అభ్యంతరాలు మిగిలాయి. శాటిన్ శాశ్వతం కాదు. చెయ్యి ఎక్కువగా ఆడే చోట ఆ గుట్టలు అరిగిపోయి, కొంతకాలానికి అక్కడే మెరుపు తేలుతుంది. ఇక నూనె పూతను చూసి మనసు పడి, ఉన్న గట్టి పూతను పూర్తిగా గీకేసేవారిని నేను చూశాను. మేపుల్ తేమను పీల్చుకునే కొయ్య. గట్టి పూత ఆ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది, నూనె అంతగా అడ్డుకోదు. గాలిలో తేమ మారిన ప్రతిసారీ నెక్ వంపు మారి, ట్రస్ రాడ్ (నెక్ వంపును అదుపులో ఉంచే లోపలి కడ్డీ) సరిచేసుకోవలసి వస్తే, హాయిగా జారే నెక్‌పైనే తీగలు ఎత్తుగా నిలబడతాయి. అప్పుడు ఒత్తిడి పెరుగుతుంది, మనం మొదటికే వస్తాము.

కొయ్యపని:
ఆ హెచ్చరికను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నాలుగుతీగలు గారు పూతను తీయవలసిన అవసరం లేదు, మెరుపును తీస్తే చాలు. పాలీయురథేన్ పైపొర మెరుపును తగ్గించడం దాదాపు తిరిగి సరిదిద్దుకోగల పని. పొర చిల్లు పడనంతవరకు పాలిష్ పేస్టుతో మళ్లీ మెరుపు తెచ్చుకోవచ్చు. కొయ్య దాకా గీకిన తరువాత ఆ వీలు ఉండదు. 1500 నంబరు శాండ్‌పేపర్‌తో, నెక్ పొడవునా ఒకే దిశలో, చాలా తేలికగా రుద్దండి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు బొటనవేలికి తగులుతాయి. కొందరు 0000 ఇనుప ఉన్ని వాడతారు. వాడేటట్లయితే పికప్‌లను (తీగల కదలికను పట్టే అయస్కాంత భాగాలు) టేపుతో పూర్తిగా కప్పండి, ఎందుకంటే రాలిన ఇనుప రజను అయస్కాంతాలకు పట్టుకుంటే వదిలించడం చాలా కష్టం. నైట్రో పూత ఉన్న పాత వాయిద్యం అయితే మాత్రం దయచేసి ముట్టుకోకండి.

నాలుగుతీగలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. శాండ్‌పేపర్ పట్టుకోవడానికి ముందు మంద్రం గారి మాట పరీక్షించాలనిపించి, తీగల ఎత్తు కొద్దిగా తగ్గించి, బొటనవేలిని దాదాపు గాలిలో ఉంచి వారం రోజులు వాయించాను. ప్రతి అరగంటకూ నెక్‌నూ చేతులనూ పొడిగుడ్డతో తుడిచాను. ఇబ్బంది సగానికి తగ్గింది, కాని పోలేదు. తుడవడం మరచిన రోజున పాత పట్టు అలాగే తిరిగి వచ్చింది. అందుకే నిన్న మూడవ ఫ్రెట్ నుంచి పన్నెండవ ఫ్రెట్ వరకు మాత్రమే మెరుపు తీశాను. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పైకొన) వైపు, మడమ (నెక్ గిటార్ ఒంటితో కలిసే చోటు) వైపు పాత మెరుపును అలాగే ఉంచాను. ఇప్పుడు చెయ్యి పన్నెండవ ఫ్రెట్ దాటినప్పుడు వెనుక మెరుపు మొదలైన చోటు బొటనవేలికి తెలుస్తోంది, చూడకుండానే ఎక్కడున్నానో గుర్తుపట్టగలుగుతున్నాను. ఇలా హద్దును కావాలనే ఉంచుకున్నవారు ఇంకెవరైనా ఉన్నారా?