నాన్న పార్కిన్సన్స్ మాత్రలు ఆపేసి దూలగొండి పొడి మీదే ఉండొచ్చా?

గుణుపురం కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. నాన్నకి 67 ఏళ్లు. బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి మానేశారు. నాలుగేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. విశాఖపట్నంలో చూపిస్తే పార్కిన్సన్స్ అన్నారు. అప్పటినుంచి సిండోపా 110, రోజుకి మూడు పూటలు. మొదట్లో బాగానే పట్టింది. ఈమధ్య మధ్యాహ్నం మాత్ర వేళ దగ్గరపడేసరికి కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు గుమ్మం దగ్గరే నిలబడిపోతున్నారు.

మంగళవారం సంతకి కొండవైపు నుంచి వచ్చే ఒక వైద్యుడు దూలగొండి గింజల పొడి ఇచ్చాడు. పొద్దున పాలల్లో ఒక చెంచా. మొదటి పది రోజులు మా కళ్లని మేమే నమ్మలేదు. వంశధార గట్టు దాకా ఒక్కరే నడిచి వెళ్లి వచ్చారు. అమ్మ ఏడ్చేసింది. తర్వాతే తేడా వచ్చింది. పొద్దున తొమ్మిది దాటాక మెడా భుజమూ వాటంతటవే మెలికలు తిరుగుతున్నాయి. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఈ వారం అయితే సాయంత్రానికి బిగుసుకుపోయి, పిలిచినా ముఖంలో కదలిక లేకుండా కూర్చుంటున్నారు. నిద్ర పట్టడం లేదంటే మా బావ పార్వతీపురం నుంచి ఏదో మొక్క వేరుతో చేసిన మాత్రలు తెచ్చాడు, అవీ రాత్రిళ్లు వేస్తున్నాం.

వైద్యుడేమో "ఇంగ్లీషు మాత్రలు విషం, అవి మానేస్తేనే నా పొడి పూర్తిగా పనిచేస్తుంది" అంటున్నాడు. నాన్నకి ఆ మాటే నచ్చింది. మళ్లీ విశాఖ తీసుకెళ్లాలంటే ఆయన్ని రైలెక్కించి దించడం నా ఒక్కడి వల్ల కావడం లేదు. మాత్రలు ఆపెయ్యొచ్చా? ఈ పొడి మీద నిజంగా పరిశోధన జరిగిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

బరంపురం కోడలు

తమ్ముడూ, ఆపకు. మా అత్తగారు ఎవరో చెప్పారని మాత్రలు మూడు రోజులు మానేశారు. నాలుగో రోజు ఒళ్లు కర్రలా బిగిసింది, జ్వరం 104. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాం. ఒక్కసారిగా ఆపితే అలా ప్రాణం మీదకి వస్తుందని మాకు అక్కడే తెలిసింది. దూలగొండి గురించి నాకు తెలీదు. తెలిసినవాళ్లు చెప్తారు.

పర్లాకిమిడి షాపాయన

బాబూ, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. సిండోపా పూట తప్పనివ్వకండి. మిగతాది తీరిగ్గా చదవండి.

పర్లాకిమిడిలో ముప్పై రెండేళ్లుగా మందుల షాపు నాది. డాక్టర్ని కాను. మా అమ్మకి ఈ జబ్బు పదకొండేళ్లు ఉండింది. పూటపూటా మందు వేసింది నేనే. అందుకే దీని గురించి ఎక్కడ ఏం దొరికినా వదలకుండా చదువుతాను.

మీ వైద్యుడు దొంగ అని నేను అనను. దూలగొండి అంటే మన ఒడియా వాళ్లు బాయిడంక అంటారే, చిన్నప్పుడు పొలం గట్టు మీద నూగు తగిలి దురదెక్కితే పేడ రాసుకుని గెంతిన తీగ, అదే. దాని గింజలో ఉన్న మందు లెవోడోపా. మీ సిండోపా స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడండి, అక్కడ రాసి ఉన్నదీ లెవోడోపాయే. ఒకటే పదార్థం పొడిలో అమృతం, బిళ్లలో విషం ఎలా అవుతుంది? ఆ గింజలోంచి దాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు విడదీసి చూపించారు. అంతకు ఏడాది ముందే, 1936 ఏప్రిల్ 1న, మా ఊరు మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. ఆ పని చేసింది మన పాత రాజధానిలో అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అంతకన్నా ముందు 1913లో స్విట్జర్లాండ్‌లో గుగెన్‌హైమ్ అనే ఆయన చిక్కుడు జాతి గింజలోంచి ఇదే పదార్థం తీసి, రెండున్నర గ్రాములు తనే మింగి చూశాడు. కడుపులో ఉన్నదంతా వాంతి అయింది. ఆ వాంతి సంగతి గుర్తుంచుకోండి.

పార్కిన్సన్స్ వాళ్ల మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతుందని 1960లో వియన్నాలో హార్నికీవిచ్ వాళ్లు కనిపెట్టారు. ఆ డోపమైన్‌ని నేరుగా ఇస్తే మెదడులోకి వెళ్లదు. లెవోడోపా వెళ్తుంది, వెళ్లి అక్కడ డోపమైన్‌గా మారుతుంది. 1961లో ఆ హార్నికీవిచ్ బిర్క్‌మాయర్ అనే డాక్టరుతో కలిసి లెవోడోపాని నరానికి ఎక్కిస్తే, పడుకున్నచోటు నుంచి లేవలేనివాళ్లు లేచి నడిచారు. కానీ కొన్ని గంటలే. 1967లో అమెరికాలో కాట్జియాస్ నోటి ద్వారా కొద్దికొద్దిగా పెంచుతూ, రోజుకి గ్రాముల లెక్కన ఇచ్చి ఆ ఫలితాన్ని నిలబెట్టాడు. అంత ఎందుకు కావాలంటే, మింగినదాంట్లో చాలావరకు మెదడు చేరకముందే ఒంట్లోనే డోపమైన్‌గా మారి ఖర్చయిపోతుంది. ఆ వాంతులూ దానివల్లే. దాన్ని ఒంట్లో మారకుండా ఆపే కాపలాదారు కార్బిడోపా. అది కలిశాక ముప్పావు వంతు లెవోడోపా తగ్గించినా అదే ఫలితం వచ్చింది. మీ సిండోపా 110 అంటే 100 మిల్లీగ్రాముల లెవోడోపా, 10 కార్బిడోపా.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. దూలగొండి గింజలో లెవోడోపా సాధారణంగా 4 నుంచి 6 శాతం. చెంచా పొడి 5 గ్రాములనుకుంటే 200 నుంచి 300 మిల్లీగ్రాములు. పొడి ఒక్కటే తింటే అందులో ఎక్కువ భాగం దారిలోనే పోతుంది. కానీ నాన్నగారు సిండోపా కూడా వేసుకుంటున్నారు కదా. మాత్రలోని కార్బిడోపా ఆ పొడికీ కాపలా కాస్తోంది! అంటే పొద్దున పూట ఒకటికి బదులు మూడు నాలుగు మాత్రలు వేసినట్టు. గట్టు దాకా నడిచింది దానివల్లే, తొమ్మిదింటికి మెలికలు తిరుగుతున్నదీ దానివల్లే అని నా అనుమానం. లేస్తే కళ్లు తిరగడం బీపీ పడిపోవడం కావచ్చు. డోసు ఎక్కువైతే ఈ రెండూ వస్తాయి. మాత్రలు ఆపితే పొడి బాగా పనిచేస్తుందన్న మాట తలకిందుల మాట. మాత్ర ఉండబట్టే అది అంతలా పనిచేసింది.

పరిశోధన జరిగిందా అన్నారు. జరిగింది. 2004లో లండన్‌లో ఎనిమిది మందికి 30 గ్రాముల దూలగొండి పొడి ఇచ్చి, మామూలు మాత్రతో పోల్చి చూశారు. మాత్ర పట్టడానికి గంట పైన పడితే పొడి అరగంట దాటగానే పట్టింది, ఇంకాస్త ఎక్కువసేపు నిలిచింది. ఇది చదివినప్పుడు నేను నిజంగా సంతోషపడ్డాను. కానీ అది ఒక్కొక్క డోసుతో చేసిన పరీక్ష. తర్వాత బొలీవియాలో పద్నాలుగు మందితో రోజూ వాడించి చూస్తే, ఏడుగురు మధ్యలోనే మానేశారు. కొందరికి కడుపు పడలేదు, కొందరికి నడక మరింత దెబ్బతింది. డబ్బు లేని దేశాల్లో మాత్ర దొరకనివాళ్లకి ఇది దారి అవుతుందా అని వాళ్లు వెతికారు, అది మంచి వెతుకులాటే. మీకు మాత్ర దొరుకుతోంది.

పొడిని కూడా డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి, అందులోనూ మందే ఉంది కాబట్టి. చీటీ మీద ఫోన్ నంబరు ఉంటుంది, రేపు పొద్దున్నే చెయ్యండి.

ఇక నన్ను ఎక్కువ భయపెడుతున్నది మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పిన వేరు మాత్రలు. ఆ సీసా మీద ఏముందో చూసి చెప్పండి. ఎందుకు అడుగుతున్నానంటే, మా అమ్మకి ఏడో ఏట వాంతులైతే దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాం. జబ్బు పేరు చెప్పాం. అయినా మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చేశారు. అది మెదడులో డోపమైన్ పనిని అడ్డుకునే మందు. రాత్రికల్లా అమ్మ కొయ్యబారిపోయింది. గుటక పడలేదు. రెండు రోజులు చెంచాతో నీళ్లు పోస్తూ కూర్చున్నాను. షాపులో ఆ మందు రోజూ అమ్మేవాణ్ణి, అయినా సూది పొడిచేముందు పేరు అడగలేదు. ఆ తప్పు నాది కూడా. స్టెమెటిల్, హాలోపెరిడాల్ కూడా ఈ కోవలోవే. తల తిరుగుడుకి అందరూ అడిగి కొనే సిన్నరిజిన్‌తో కూడా ఈ జబ్బు ముదరొచ్చు. కళ్లు తిరుగుతున్నాయని మీరు షాపుకి వెళ్లి అది తెస్తారేమో, తేకండి.

జైపూరు వైద్యురాలు

నేను ఆయుర్వేదం చదివి ఇక్కడ కొరాపుట్ జిల్లా జైపూరులో ప్రాక్టీసు చేస్తున్నాను. షాపాయన చెప్పినదాంట్లో నాకు అభ్యంతరం లేదు. మా శాస్త్రంలో కూడా మోతాదు, అనుపానం (మందుని దేనితో కలిపి తీసుకోవాలో), రోగి బలం చూడకుండా చెంచా లెక్కన ఇవ్వమని లేదు. సంతలో పొట్లం కట్టి ఇచ్చే పొడిలో ఏ గింజ ఎంతుందో ఇచ్చేవాడికీ తెలియదు.

వేరు మాత్రలంటే నాకూ అదే అనుమానం. నిద్రకీ బీపీకీ మన ప్రాంతంలో ఇచ్చేది సర్పగంధ, తెలుగులో పాతాళగంధి అంటారు. అది ఉత్త నమ్మకం కాదు, బలమైన మందు. ఉన్మాదానికీ రక్తపోటుకీ పనిచేస్తుందని 1931లోనే కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. బలమైనది కాబట్టే అందరికీ ఇవ్వకూడదు. లేబుల్ చూడండి.

గుణుపురం కుర్రాడు

మేడమ్, మీరన్నదే. లేబుల్ మీద సర్పగంధ అని ఉంది. రాత్రికి రెండు. సరిగ్గా ఎనిమిది రోజులైంది. బిగుసుకుపోవడం ఈ వారంలోనే అని నేనే రాశాను కదా... చేతులు వణుకుతున్నాయి ఇది రాస్తుంటే. ఒక మొక్క ఇచ్చినదాన్ని ఇంకో మొక్క లాగేస్తోందా?

పర్లాకిమిడి షాపాయన

బాబూ, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మీరు అడిగారు కాబట్టే తెలిసింది.

అవును, మీరన్నట్టే జరగొచ్చు. ఇది వినండి. సర్పగంధ వేరులోంచి రిసర్పిన్ అనే మందుని 1952లో స్విట్జర్లాండ్‌లో విడదీశారు. పిచ్చాసుపత్రుల్లో దాన్ని చాలా వాడారు. నరాల్లో నిలవ ఉన్న డోపమైన్‌ని అది ఖాళీ చేస్తుంది. 1957లో స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే ఆయన కుందేళ్లకి రిసర్పిన్ ఇచ్చాడు. అవి కదలకుండా పడిపోయాయి. తర్వాత డోపా (మన లెవోడోపా దానిలో ఒక రూపమే) ఎక్కించాడు. నిమిషాల్లో లేచి తిరిగాయి. డోపమైన్‌కీ కదలికకీ ఉన్న సంబంధం అలా బయటపడింది. 2000లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

మన కొండల్లో పెరిగే వేరులోని మందు ఆ కుందేళ్లని పడేసింది, మన గట్ల మీది గింజలో ఉన్న మందు లేపింది. మీ నాన్నగారు పొద్దున ఆ గింజ, రాత్రి ఈ వేరు తీసుకుంటున్నారు.

వేరు మాత్రల సంగతి డాక్టరుకి ఈ రోజే చెప్పండి. ఆపినా దాని ప్రభావం వెంటనే పోదు, రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఓపిక పట్టండి. జ్వరం వచ్చినా, గుటక పడకపోయినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి: మాత్ర వేసిన టైము, పట్టిన టైము, దిగిపోయిన టైము, ఏం తిన్నారో. డాక్టరుకి అంతకన్నా పనికొచ్చే కాగితం లేదు.

గుణుపురం కుర్రాడు

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఆ రోజే ఫోన్ చేశాను. డాక్టరుగారు వేరు మాత్రలు వెంటనే మాన్పించారు. పొడిని వారం పాటు తగ్గించుకుంటూ ఆపించారు. సిండోపా 110 బదులు 125 రాసి, మూడు పూటల్ని నాలుగు చేశారు. వచ్చే నెల తీసుకురమ్మన్నారు, మా బావ తోడు వస్తానన్నాడు. పాపం, తను మంచి చేస్తున్నాననే తెచ్చాడు.

మెలికలు తగ్గాయి. సాయంత్రం బిగుసుకోవడం ఇంకా ఉంది, కానీ నిన్న అమ్మ ఏదో అంటే నవ్వారు. గట్టు దాకా వెళ్లలేదు, వీధి చివర టీ బడ్డీ దాకా వెళ్లారు.

నోటుబుక్కులో ఒకటి కనిపించింది. పొద్దున ఏడింటి మాత్ర కొన్ని రోజులు ముప్పావుగంటలో పడుతోంది, కొన్ని రోజులు తొమ్మిదిన్నర అయినా పట్టడం లేదు. పట్టని రోజుల్లో చద్దన్నంలో ఎండుచేప తిన్నారు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

పర్లాకిమిడి షాపాయన

ఉంది బాబూ, భలే పట్టుకున్నారు. చేప, గుడ్డు, పప్పు, పాలు జీర్ణమైతే వచ్చే పదార్థాలూ లెవోడోపా కూడా పేగులోంచి, మళ్లీ మెదడులోకి ఒకటే గుమ్మంలోంచి వెళ్లాలి. అవి ముందు తోసుకెళ్తే మాత్ర బయట నిలబడిపోతుంది. అందుకే మాత్ర తిండికి అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత. చద్దన్నం మజ్జిగ లేకుండా ఉల్లిపాయతో పెట్టండి. ఎండుచేప రాత్రి భోజనంలోకి మార్చండి, పూర్తిగా మాన్పించకండి. అసలే చిక్కిపోయే జబ్బు. ఐరన్ మాత్రలేమైనా ఉంటే అవీ దీంతో కలిపి వెయ్యకండి, అవి కూడా దీన్ని పట్టనివ్వవు.

విశాఖ వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కుతో పాటు పొడి పొట్లం, వేరు మాత్రల సీసా కూడా సంచిలో పెట్టుకోండి. రైల్లో మాత్ర టైము తప్పకుండా ఫోన్‌లో అలారం పెట్టుకోండి.