ముందు కంచె, నీళ్లు, మనిషి. మొక్కలు ఆ తర్వాత: బతుకమ్మ ఫండ్‌రైజర్ వాలంటీర్లకు

మే 24, ఆదివారం

అందరికీ నమస్తే. నిన్నటి కాల్‌లో సగంమందికి మాట సరిగ్గా వినపడలేదు, కొందరు రాలేకపోయారు. అందుకే మాట్లాడుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి బతుకమ్మ ఆలస్యంగా వస్తోంది. మహాలయ అమావాస్య అక్టోబర్ 10, శనివారం. ఆ రోజే బతుకమ్మ మొదలు. ఆ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ, శనివారం పడటం డాలస్‌లో ఉన్న మనకు బాగా కలిసొచ్చింది. ఎవరూ సెలవు పెట్టక్కర్లేదు, పిల్లలకు బడి పోదు. ఆ రోజే ఈవెంట్. వచ్చిన డబ్బంతా నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని మా ఊరి బడి తోటకు ఇవ్వాలని కమిటీలో అనుకున్నాం. బడిలో 84 మంది పిల్లలున్నారు. వెనక రెండు గుంటల జాగా ఖాళీగా ఉంది.

చాలామంది అడిగిన మొదటి ప్రశ్న, "ఏం మొక్కలు కొందాం?" అని. నేను మాత్రం మొక్కల గురించి ఇప్పుడే వద్దంటున్నాను. ఎందుకో చెప్తాను.

మూడేళ్ల కింద మనమే కొందరం చందాలు వేసుకుని అదే బడిలో 60 మొక్కలు పెట్టించాం. జూలైలో వాన పడ్డాక నాటారు, ఫొటోలు వచ్చాయి, అందరం సంతోషపడ్డాం. మొన్న సంక్రాంతి తర్వాత ఊరికి పోయినప్పుడు బడికి వెళ్లి చూశాను. రెండు వేపలు, ఒక కానుగ మిగిలాయి. ఆ మూడూ గోడ మూలకు ఉండి బతికిపోయాయి. మిగతావాటిలో సగం మొదటి నెలలోనే మేకల పాలయ్యాయి. మిగిలిన సగం ఎండాకాలం సెలవుల్లో ఎండిపోయాయి. జామ మొక్క ఒకటి మోకాలి ఎత్తు కట్టెగా నిలబడి ఉంది. గోరుతో గీకి చూస్తే లోపల పచ్చదనం లేదు. ఆ డబ్బు ఇచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను, కంచె సంగతి అప్పుడు నేనూ అడగలేదు. ఈసారి అడుగుతున్నాను.

కాబట్టి నా ప్రతిపాదన: మొదటి డాలర్ కంచెకు, రెండోది నీళ్లకు, మూడోది ఎండాకాలం చూసుకునే మనిషికి. మొక్కలకు అయ్యే ఖర్చు వీటి ముందు చాలా తక్కువ. విత్తనాలు ఊళ్లోనే దొరుకుతాయి. మా అమ్మ దగ్గరే బూడిద కలిపి మూటగట్టిన సొర, బీర, చిక్కుడు గింజలున్నాయి.

కంచె లెక్క ఇదీ. జాగా 66 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. చుట్టూ 198 అడుగులు వస్తుంది. ఎనిమిది అడుగులకో కడీ (కంచె స్తంభం) వేస్తే 25 కడీలు కావాలి. వాటికి ఐదడుగుల ఎత్తున తీగ జాలీ. గేటు ఒక్కటే ఉండాలి, అది వంటగది వైపే ఉండాలి. గేటు ఎటు పెట్టాలన్న దాని మీద హెడ్మాస్టర్ సార్‌తో అరగంట మాట్లాడాను. వంట చేసే అక్కలు కూర కోసం రోజూ అటే పోతారు, అటే వస్తారు, గేటు వేసి ఉందో లేదో వాళ్ల కంట పడుతుంది. రోడ్డు వైపు పెడితే ఎవరో ఒకరు తెరిచి వదిలేస్తారు.

ఇక నీళ్లు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు భూమిలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావంటారు. మా పక్క బోర్లలో అంతకన్నా ఎక్కువున్న నీళ్లు తాగే ఒక తరం నడుములు వంగిపోయాయి. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్లు వస్తున్నాయి, పిల్లలు అవే తాగుతున్నారు. కానీ తోటకు బోరు నీళ్లు పెడితే? ఫ్లోరైడ్ కొంత ఆకుకూరల్లోకీ చేరుతుంది. పిల్లల పప్పులోకి పోయే తోటకూరకు ఆ నీళ్లు పోయడం నాకు ఇష్టం లేదు. బోరు నీళ్లు ముందు టెస్ట్ చేయించాలి.

జనవరిలో బడిలో ఉన్నప్పుడు మధ్యాహ్న భోజనం అయ్యాక చూశాను. పిల్లలు నల్లాల దగ్గర వరుసలో నిలబడి పళ్లేలు కడుగుతున్నారు. ఒక చిన్నపాప పళ్లెంలో నీళ్లు పట్టి మూడుసార్లు తిప్పి, చివరి నీళ్లు పక్కనున్న పిల్లాడి కాళ్ల మీద పోసి పరుగెత్తింది. ఆ నీళ్లన్నీ కాలువ కట్టి గోడ బయట మురుగులో కలుస్తున్నాయి. తలకు రెండు లీటర్లు వేసుకున్నా రోజుకు 168 లీటర్లు. అవన్నీ భగీరథ నీళ్లే. ఆ కాలువను గోడ లోపలికి తిప్పి, గులకరాళ్లు, ఇసుక వేసిన గుంతలోంచి పోనిస్తే అరటి, బొప్పాయి, మునగ హాయిగా బతుకుతాయి. సబ్బు నీళ్లు కాబట్టి ఆకుకూరల మీద పోయొద్దు, చెట్ల మొదళ్లకే. ఆకుకూరల మడులకు వాన నీళ్లు, మంచినీళ్లే. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్ల పైనే వస్తాయి. ఒక ట్యాంకు, పైపు చాలు.

మే 31, ఆదివారం

ప్రశ్నలు చాలా వచ్చాయి, వరుసగా జవాబులు.

ఫ్రిస్కో వదిన అడిగారు: "ఇక్కడ మా అబ్బాయి బడిలో పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) వాళ్లు వేసవిలో వారానికో కుటుంబం తోటకు నీళ్లు పోసేలా షీట్ పెడతారు కదా, ఊళ్లో కూడా అలాగే చేయొచ్చు కదా?" వదినా, మంచి ఆలోచనే, నేనూ ముందు అదే అనుకున్నాను. కానీ మా ఊళ్లో తల్లిదండ్రులు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఉపాధి హామీ పనికి పోతారు. ఎండ ముదిరాక ఇంటికొస్తారు. వాళ్లను వంతులవారీగా బడికి వచ్చి ఉచితంగా నీళ్లు పోయమనడం న్యాయం కాదు. సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా, అంటే ఏడు వారాలు. ఆ ఏడు వారాలకు ఒకరికి కూలి ఇద్దాం. ఎవరికి అంటే, వంట చేసే అక్కలకే. వాళ్లకు గౌరవ వేతనం ఏడాదిలో 10 నెలలకే వస్తుంది, వేసవిలో ఏమీ రాదు. తోటలో ఏ కూర ఎప్పుడు కావాలో కూడా వాళ్లకే తెలుసు. హెడ్మాస్టర్ సార్ ఈ మాట వినగానే "ఇది ముందే తట్టాల్సింది" అన్నారు. అక్కలతో ఇంకా మాట్లాడాలి, వాళ్లు ఒప్పుకుంటేనే.

డబ్బు ఎలా పంపాలి అన్నది రెండో ప్రశ్న. ఇక్కడ తొందరపడొద్దు. మన అసోసియేషన్ అమెరికా సంస్థ, సభ్యుల్లో చాలామంది అమెరికా పౌరులు. ఆ డబ్బు భారత చట్టం ప్రకారం విదేశీ విరాళం కిందికి వస్తుంది. బడి కమిటీకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి వాళ్ల ఖాతాకు నేరుగా పంపకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే పోవాలి, వాళ్లు కూడా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే తీసుకోవాలి. 2020లో వచ్చిన సవరణ వల్ల వాళ్లు ఆ డబ్బును ఇంకొకరికి బదిలీ చేయడానికి కూడా లేదు. అంటే కంచె, ట్యాంకు ఆ సంస్థే కొని, పని చేయించాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత పొదుపు లోంచి బ్యాంకు ద్వారా పంపేదానికి ఈ నియమం వర్తించదు. కానీ ఈవెంట్ డబ్బు, సొంత డబ్బు కలపొద్దు. దయచేసి ఎవరూ "నా ఖాతాకు వేయండి, నేను పంపిస్తా" అనకండి. మంచి మనసుతోనే అంటారు, తర్వాత బడి వాళ్లు చిక్కుల్లో పడతారు. మనం ఎంచుకున్న సంస్థ ఆడిటర్‌తో వచ్చే వారం కాల్ ఉంది.

డబ్బు ఎలా వస్తుంది అన్నది అందరికీ ఇష్టమైన భాగం. పీటీఏలు వసంతంలో మొక్కల అమ్మకం పెట్టి బడికి డబ్బు కూడబెడతాయి. మనం బతుకమ్మకు పూల నారు అమ్ముదాం. ప్రతి ఏడాదీ మనం చివరి వారంలో స్టోర్ల చుట్టూ తిరిగి, దొరికిన కుండీ చామంతులు కొని, వాటితోనే బతుకమ్మ పేరుస్తున్నాం. గునుగు లేని బతుకమ్మ చూస్తే నాకు మనసు నిండదు. ఇక్కడి నర్సరీల్లో వీట్ సెలోషియా అని ఒకటి ఉంటుంది, అది అచ్చం మన చేన్లలో గునుగులాగే, వెండి గులాబీ రంగు కంకులు. దాని విత్తనం వేసిన మూడు నెలలకు పూస్తుంది. బంతి రెండు నెలలకే పూస్తుంది. జూన్ 13న విత్తనాలు పెడితే జూలై 25కల్లా నారు అమ్మకానికి వస్తుంది, అక్టోబర్ 10కి ఇంటింటా సొంత పూలు ఉంటాయి. ఆరు మొక్కల సెట్ 12 డాలర్లు. 72 గదుల ట్రేలు పది పెడితే 120 సెట్లు, నష్టాలు పోను 100 సెట్లు అనుకుందాం, 1,200 డాలర్లు. ముందే ఆర్డర్లు తీసుకుంటాం, మిగిలిపోవడం ఉండదు.

ఒక ముఖ్యమైన మాట. తంగేడు, గునుగు విత్తనాలు ఇండియా నుంచి బ్యాగులో పెట్టుకుని ఎవరూ తేవద్దు. ఇక్కడ కస్టమ్స్‌లో విత్తనాలు డిక్లేర్ చేయాలి, తగిన సర్టిఫికెట్ లేకపోతే తీసేసుకుంటారు.

జూన్ 7, ఆదివారం

ఫుడ్ టీమ్ తమ్ముడికి: నువ్వుల లడ్డూలు, సకినాలు, పల్లీల పొడి, సత్తుపిండి స్టాల్‌లో పెట్టడం సులువు. పులిహోర, పెరుగన్నం పెట్టాలంటే సిటీ టెంపరరీ ఫుడ్ పర్మిట్ చూసుకోవాలి. వేడివి 135 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన, చల్లవి 41 లోపల ఉండాలి. మధ్యాహ్నం మూడు గంటలు ఎండలో పెరుగన్నం పెట్టడం నాకు భయం. పొడి సరుకే ఎక్కువ చేద్దామని నా మనవి. ఎంగిలిపూల నాటి నైవేద్యం ఎలాగూ నువ్వులు, నూకలే కదా.

ఎవరో అడిగారు, "అక్టోబర్‌లో డబ్బు వస్తే మొక్కలు ఎప్పుడు పెడతారు, ఈవెంట్‌లో చూపించడానికి ఫొటో ఏదీ ఉండదా?" అని. ఉండదు. నవంబర్‌లో కంచె, డిసెంబర్‌లో కాలువ, ట్యాంకు. చలికాలంలో రెండు మడుల్లో తోటకూర, పాలకూర, గోంగూర. పెద్ద చెట్లు వచ్చే జూలైలో, తొలకరి పడ్డాక. ఈవెంట్‌లో కొత్త మొక్కల ఫొటో బదులు ఎండిన ఆ జామ కట్టె ఫొటో, కంచె ప్లాను పక్కపక్కన పెడదాం. డబ్బిచ్చేవాళ్లు అర్థం చేసుకుంటారని నా నమ్మకం.

నిన్న రాత్రి బడి టీచరమ్మ ఫోన్ చేశారు. ఒక చింతచెట్టు తప్పకుండా పెట్టమన్నారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోతుందని చూపారు, ఆవిడ ఆ సంగతి ట్రైనింగ్‌లో విన్నారట. చింత కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఈ 84 మందిలో ఎవరూ ఆ కాయలు బడిలో ఉండగా తినరు. అయినా పెడదామన్నాను. ఆ చెట్టు మొదట్లో చిన్న మట్టి కుండ పాతిపెట్టి నీళ్లు నింపాలని కూడా అనుకున్నాం. మా అమ్మ నిమ్మచెట్టుకు అలాగే చేసేది. కుండ చెమ్మ కొద్దికొద్దిగా వేళ్లకు చేరుతుంది, నాలుగు రోజులకోసారి నింపితే చాలు. ఊళ్లో కుమ్మరి తాతకు చెప్పి పది కుండలు చేయించమన్నాను.

ఈ శనివారం పొద్దున 9 గంటలకు మా గరాజ్‌లో విత్తనాలు పెడుతున్నాం. ట్రేలు, మట్టి తెచ్చేశాను. ప్లేనో వాళ్లు ఇద్దరు, ఫ్రిస్కో వదిన, పిల్లలు వస్తామన్నారు. ఇంకా నలుగురు కావాలి, పాత ప్లాస్టిక్ డబ్బాలు ఉంటే తెండి. గరాజ్‌లో వేడి ఎక్కువ, అందుకే పదకొండుకల్లా పని ముగించేద్దాం.