ఇంట్లో మీడియా సర్వర్: విశాఖ ఉక్కపోతకి ఏసీ గది తప్పదా?

పెదవాల్తేరు వాసి:
అందరికీ నమస్తే. నాన్నగారి కాలం నాటి పెళ్లి క్యాసెట్లన్నీ డిజిటల్ చేయించాం. వాటితో పాటు పిల్లల వీడియోలు, మేం కొనుక్కున్న డీవీడీలు, బ్లూరేలు ఒకచోట ఉంచి, ఏ గదిలో టీవీ పెట్టినా చూసుకునేలా జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సర్వర్ పెట్టాను. మెషిన్ ఒక పాత ఆఫీసు డెస్క్‌టాప్. అందులో 3.5 అంగుళాల హార్డ్ డిస్కులు రెండు. హాల్లో టీవీ యూనిట్ కింది అరలో ఉంది, తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. మధ్యాహ్నం పూట డిస్కులు 54 డిగ్రీలు చూపిస్తున్నాయి. బెడ్‌రూమ్‌లోకి మార్చి ఏసీలో పెట్టమని మా బావమరిది అంటున్నాడు. ఆ మెషిన్ ఫ్యాన్ మోతకి నిద్ర పట్టదని మా ఆవిడ అంటోంది. మన ఊళ్లో రోజంతా సర్వర్ నడిపేవాళ్లు ఏసీ లేకుండానే నెట్టుకొస్తున్నారా?

సీతమ్మధార:
మీ బావమరిది మాటే వినండి. మే నెలలో మన ఇళ్లలో గది లోపలే 34, 35 ఉంటుంది. ఆ గాలి ఎంత తగిలినా డిస్కు అంతకంటే చల్లబడదు కదా! చాలా మోడళ్లకు తయారీదారులు చెప్పే గరిష్ఠ పరిమితి 60, 65. మీరు 54 దగ్గర ఉన్నారు, ఇంకా వేసవి ముదరలేదు. పాత క్యాసెట్లకి బూజు పడితే మళ్లీ కాపీ చేయించడం కుదరకపోవచ్చు. కరెంటు బిల్లు చూసుకుని పెళ్లి వీడియోలు పోగొట్టుకోకండి.

మర్రిపాలెం:
54 ఎక్కువే, అందులో వాదన లేదు. కానీ దానికి మందు ఏసీ కాదండీ. గది 34 ఉందనుకుంటే తేడా 20 డిగ్రీలు. గాలి సరిగ్గా ఆడే చోట డిస్కుకీ గదికీ పదీ పన్నెండుకి మించి తేడా ఉండదు. మిగతాదంతా ఆ మూసిన అర చలవే. ప్లైవుడ్‌లోంచి వేడి అంత తేలిగ్గా బయటికి పోదు. రౌటర్, సెట్‌టాప్ బాక్స్ కూడా అక్కడే ఉంటే వాటి వేడి కూడా తోడవుతుంది. ముందు ఆ తలుపు తీసి, గంట ఆగి, రీడింగ్ చూడండి.

అసలు ప్రశ్న వేడిని ఎలా చల్లార్చాలన్నది కాదు, అంత వేడి ఎందుకు పుట్టిస్తున్నామన్నది. పాత డెస్క్‌టాప్ ఏ పనీ చేయకపోయినా 50, 60 వాట్లు లాగుతుంది. 60 వాట్ల చొప్పున రోజంతా నడిస్తే నెలకి 43 యూనిట్లు. మన దగ్గర స్లాబులు కాబట్టి అవి మీ వాడకానికి పైన, ఖరీదైన రేటులో పడతాయి. ఆ కరెంటంతా చివరికి వేడిగానే ఆ అరలోకి వస్తుంది. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ అయితే రెండు డిస్కులతో కలిపి 20 వాట్ల చుట్టుపక్కల సరిపోతుంది. మెషిన్ మార్చడం మీ ఇష్టం. కానీ ఏసీ మీద పెట్టే డబ్బు దాని మీద పెట్టడం మేలు.

ఇంకోటి. సినిమా ఆడుతుండగా జెల్లీఫిన్ డాష్‌బోర్డ్ తెరిచి చూడండి. డైరెక్ట్ ప్లే అని ఉంటే సర్వర్ ఫైల్‌ని పంపడం తప్ప ఏమీ చేయట్లేదు. ట్రాన్స్‌కోడ్ అని ఉంటే ప్రతి ఫ్రేమునీ విప్పి మళ్లీ కడుతోంది, ప్రాసెసర్ మరిగేది అప్పుడే. దీనికి కారణం చాలాసార్లు సబ్‌టైటిల్స్! బ్లూరే నుంచి వచ్చే సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. టీవీలోని యాప్ వాటిని చూపలేకపోతే సర్వర్ ఆ బొమ్మల్ని వీడియో మీద అచ్చు వేసి పంపాలి. రెండు గంటల సినిమా మొత్తం అదే పని. సబ్‌టైటిల్స్ అక్షరాలుగానే ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైల్ పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు ఉండదు. ట్రాన్స్‌కోడ్ తప్పనిసరైతే సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్ చేయండి, ఆ పని గ్రాఫిక్స్ చిప్ చూసుకుంటుంది. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ప్లెక్స్‌లో దానికి ప్లెక్స్ పాస్ అనే చందా కొనాలి, జెల్లీఫిన్‌లో ఉచితమే.

డిస్కుల సంగతికొస్తే, 2007లో గూగుల్ వాళ్లు లక్షకి పైగా డిస్కుల్ని పరిశీలించి ఒక పేపర్ వేశారు. వేడి పెరిగేకొద్దీ డిస్కులు పోవడం కూడా పెరుగుతుందని అందరూ అనుకునేది అందులో తేలలేదు. బాగా ఎక్కువ వేడిలోనూ, వయసు మళ్లిన డిస్కుల్లోనూ మాత్రమే ఆ ప్రభావం కనిపించింది. మరీ చల్లగా ఉన్నవే ఎక్కువ పోయాయి. 45 లోపు ఉంచుకుంటే టెన్షన్ అక్కర్లేదని నా లెక్క.

సీతమ్మధార:
ఆ డిస్కులు డేటా సెంటర్‌లో ఉన్నవండీ, బీచ్ పక్క ఇంట్లోవి కావు. పెదవాల్తేరు నుంచి సముద్రం ఎంత దూరం? ఆ ఉప్పు గాలికి కిటికీ గ్రిల్స్ ఏమవుతాయో, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ రేకులు ఎలా పొడిపొడిగా రాలతాయో అక్కడ ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. గాలి ఆడాలంటూ మీరు అదే గాలిని మదర్‌బోర్డు మీదికి తోలమంటున్నారు. ఏసీ గదిలో కిటికీలు మూసి ఉంటాయి, గాల్లో తేమా తగ్గుతుంది. నేను ఏసీ అంటున్నది చల్లదనం కోసం ఒక్కటే కాదు.

మర్రిపాలెం:
ఉప్పు గాలి మాట నిజం, దాన్ని నేను కొట్టిపారేయను. అయితే మీరు చెప్పే లాభం ఏసీ రోజంతా నడిస్తేనే. మన ఇళ్లలో రాత్రి పదికి వేసి తెల్లారి ఆపేస్తాం. ఆపి కిటికీలు తీయగానే బయటి తేమంతా లోపలికి వస్తుంది. మే నెల గాలి 25, 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా చెమ్మ పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు. నడుస్తున్న మెషిన్‌కి ఈ భయం లేదు, అది ఎప్పుడూ గది కంటే వెచ్చగానే ఉంటుంది. ఆపి పక్కన పెట్టిన బ్యాకప్ డిస్కుకే ప్రమాదం. దాన్ని ఏసీ గదిలో ఊరికే వదిలేయకుండా, సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టుకోవాలి.

ఉప్పు గాలికి నా సలహా, సర్వర్‌ని సముద్రం వైపు కిటికీకి, బాల్కనీకి దూరంగా, ఇంటి మధ్యగోడ దగ్గర పెట్టడం. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేది చాలు.

జ్ఞానాపురం:
ఉప్పు గురించి మాట్లాడుకుంటున్నారు, మా వైపు వచ్చి నల్ల దుమ్ము చూడండి. గుమ్మం తుడిచిన సాయంత్రానికి మళ్లీ పొర. ప్రాసెసర్‌ని చల్లబరిచే హీట్‌సింక్ రేకుల మధ్య అది గడ్డ కడితే ఏసీ గది కూడా ఏమీ చేయలేదు. గాలి లోపలికి వెళ్లే చోట కడిగి వాడుకునే మెష్ ఫిల్టర్ పెట్టండి. బ్రష్‌తో దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి.

పెదవాల్తేరు వాసి:
అందరికీ థ్యాంక్స్. తలుపు తీసి పెడితే 48కి దిగింది. వడ్రంగిని పిలిచి టీవీ యూనిట్ వెనక చెక్కకి కింద ఒకటి, పైన ఒకటి కంతలు చేయించాను. పై కంతకి 12 సెంటీమీటర్ల ఫ్యాన్, గాలిని బయటికి లాగేలా బిగించాం. కింది కంతకి మెష్ పెట్టాను. రౌటర్‌ని గోడ మీదికి మార్చాను. ఇప్పుడు తలుపు మూసి ఉన్నా మధ్యాహ్నం 44. డాష్‌బోర్డ్ కూడా చూశాను. మర్రిపాలెం గారు చెప్పినట్టే బ్లూరే సినిమాలన్నీ సబ్‌టైటిల్స్ వల్లే ట్రాన్స్‌కోడ్ అవుతున్నాయి. ఎస్‌ఆర్‌టీలు పెట్టాక డైరెక్ట్ ప్లే వస్తోంది, ఫ్యాన్ మోత తగ్గింది. మినీ పీసీ తర్వాత చూస్తాను.

సీతమ్మధార:
44 బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఈ రీడింగ్ ఏప్రిల్‌ది. వడగాడ్పులు మొదలయ్యాక చూసి చెప్పండి, అప్పటిదాకా నా మాట నాదే. ఇంతకీ ఆ రెండు డిస్కుల్లో ఒకటి రెండోదానికి కాపీయా? అయితే దాన్ని బ్యాకప్ అనుకోకండి. ఒకే పెట్టె, ఒకే పవర్ సప్లై, ఒకే వేడి. పోతే రెండూ కలిసే పోవచ్చు. పెళ్లి వీడియోల వరకైనా ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి.

మర్రిపాలెం:
ఈ ఒక్క విషయంలో సీతమ్మధార గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మే నెల కోసం ఎదురు చూసే బదులు డిస్కుల వేడినీ, ఆరోగ్యాన్నీ గమనించే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, డిస్కు 50 దాటితే మెయిల్ వచ్చేలా పెట్టుకోండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఆ చిన్న ఫ్యాన్ ఆగిపోయినా తెలుస్తుంది.