“ఫిజికల్ గేమ్”ని తెలుగులో ఏమనాలి? మోటా, మొరటా, దురుసా?

ప్రశ్న అడిగిన సభ్యుడు:
అందరికీ నమస్కారం. మా బాస్కెట్‌బాల్ బృందం పేజీకి తెలుగులో నాలుగు ముక్కలు రాస్తుంటాను. అమెరికా బాస్కెట్‌బాల్ దిగ్గజాల్లో నిన్నటి మైకేల్ జోర్డాన్ గొప్పా, ఈ తరం లెబ్రాన్ జేమ్స్ గొప్పా అనే రచ్చ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట విసురుతారు: “అప్పటి గేమ్ ఫిజికల్ బ్రో, ఇప్పటిది సాఫ్ట్.” దీన్ని తెలుగు చేయబోతే ఎక్కడో తేడా కొడుతోంది. అనువాద యంత్రాన్ని అడిగితే “భౌతిక ఆట” అంది. భౌతిక అనగానే పదో తరగతి ఫిజిక్సు గుర్తొస్తుంది, లేదంటే పేపర్లో “భౌతికకాయానికి నివాళులు” గుర్తొస్తుంది. “శారీరక క్రీడ” అందామంటే చదరంగం తప్ప ఏ ఆట శారీరకం కాదు? చివరికి “మోటు ఆట” అని రాశాను. వెంటనే ఒకాయన “జోర్డాన్‌ని తిడుతున్నావా, పొగుడుతున్నావా” అని తగులుకున్నాడు. మీరైతే ఏమంటారు?

తెనాలి నుంచి తెలుగు టీచర్:
మోటు అంటే తిట్టే బాబూ, సందేహం లేదు. మోటు మనిషి, మోటు మాట, మోటు సరసం. నాజూకూ నేర్పూ లేనిదాన్ని మోటు అంటాం. నేర్పు ఉండీ ఎదుటివాడికి తగిలేలా ఆడటం వేరు. దానికి “దురుసు” సరిపోతుంది. దురుసుగా ప్రవర్తించాడు అంటాం కదా.

వరంగల్ నుంచి:
మేడమ్, దురుసు అంటే నోటి దురుసే ముందు గుర్తొస్తది. మా దిక్కు “మొరటోడు” అంటే సగం తిట్టు, సగం మెచ్చుకోలు. పాత ఆటగాళ్లను తలుచుకునేటప్పుడు జనం గొంతులో ఉండేది ఆ కలగలుపే గదా. నా ఓటు మొరటుకు.

ఇంకో సభ్యుడు:
“దూకుడు” అనేస్తే పోలా? పేపర్లన్నీ అదే రాస్తాయి.

తెనాలి టీచర్:
బ్యాటింగ్ గురించి రాస్తాయి నాయనా. బౌలర్‌కీ బ్యాటర్‌కీ మధ్య 22 గజాలు ఉంటాయి. ఒకరి ఒంటికి ఒకరు తగలరు. దూకుడుకి ఎదుటివాడి ఒంటితో పని లేదు.

రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు:
ఆలస్యంగా చూశాను. ఒక్క విశేషణం కోసం వెతికినంత కాలం ఈ పంచాయితీ తెగదు. ఈ ఆట పుట్టినప్పుడు రాసిన నియమమే క్రియలతో మాట్లాడింది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ దీన్ని తయారుచేసింది చలికాలంలో కుర్రాళ్లు గదిలో, ఒళ్లు విరగ్గొట్టుకోకుండా ఆడుకోవడానికి. ఆయన రాసిన 13 నియమాల్లో ఐదోది చూడండి: భుజంతో తోయకూడదు, పట్టుకోకూడదు, నెట్టకూడదు, కాలు అడ్డం పెట్టి పడేయకూడదు, కొట్టకూడదు. మొదటిసారి చేస్తే ఫౌల్. రెండోసారి చేస్తే తర్వాతి గోల్ పడేదాకా బయట కూర్చోవాలి. గాయపరచాలనే ఉద్దేశం కనబడితే ఆ ఆట మొత్తానికీ బయటే, అతని బదులు ఇంకొకరిని దింపడానికి కూడా లేదు. చేసే పనులు ఐదు, వాటి వెనకుండే ఉద్దేశం ఇంకొకటి. ఇంగ్లిష్‌లో ఇవన్నీ “ఫిజికల్” అనే ఒక్క సంచిలోకి చేరిపోయాయి. తెలుగులోనూ అలాంటి సంచే కావాలని మనమెందుకు పట్టుబట్టాలి?

పాతకాలం ఆటకీ ఇప్పటి ఆటకీ తేడా ఉందనేది నిజం. కానీ ఈ పనులన్నీ ఒకేసారి తగ్గలేదు. కొట్టడం సంగతి ముందు చూద్దాం. 1977 డిసెంబర్ 9న లాస్ ఏంజెలిస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్లు లేకర్స్, హ్యూస్టన్ రాకెట్స్ ఆడుతుండగా గొడవ లేచింది. అటువైపు పరిగెత్తుకొచ్చిన రూడీ టోమ్‌జానోవిచ్ ముఖం మీద కర్మిట్ వాషింగ్టన్ గుద్దాడు. ఒక్క గుద్దుకి ముఖంలో ఎముకలు విరిగాయి, ప్రాణం మీదికొచ్చింది. వాషింగ్టన్‌ని 26 మ్యాచ్‌లు ఆపేశారు, 10,000 డాలర్ల జరిమానా వేశారు. అక్కడి నుంచి చేయి చేసుకోవడాన్ని ఆటలో భాగమని సమర్థించుకోవడం కష్టమైంది. “అప్పట్లో ఇలాగే ఆడేవారు” అని మీసం మెలేసేవాళ్లు ఈ సంఘటన పేరెత్తరు, గమనించారా?

పడేయడం కథ వేరు. అది ఇంకో పదేళ్లకు పైగా నడిచింది. 1984 ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో లేకర్స్ ఆటగాడు కర్ట్ ర్యాంబిస్ రింగు మీదికి పోతుంటే బోస్టన్ ఆటగాడు కెవిన్ మెక్‌హేల్ మెడ దగ్గర చేయి అడ్డం పెట్టి నేల మీద పడేశాడు. మెక్‌హేల్‌ని బయటికి కూడా పంపలేదు, మామూలు ఫౌల్ ఇచ్చి వదిలేశారు. ఈరోజైతే ఆ రాత్రికి అతని ఆట అయిపోయినట్టే. తర్వాత వచ్చారు డిట్రాయిట్ పిస్టన్స్. లాంబీర్, మహార్న్, రాడ్‌మన్, వీళ్లకి “బ్యాడ్ బాయ్స్” అని పేరు. జోర్డాన్ కోసం ప్రత్యేకంగా కొన్ని పద్ధతులు పెట్టుకుని 1988, 89, 90లో మూడేళ్లు వరసగా జోర్డాన్ జట్టు షికాగో బుల్స్‌ని ఇంటికి పంపారు. గాల్లోకి ఎగిరినవాడిని కిందికి దించడం ఆ పద్ధతుల్లో ఒకటి. 1990-91లో లీగ్ “ఫ్లేగ్రెంట్ ఫౌల్” (అనవసరంగా, ప్రమాదకరంగా తగిలితే పెద్ద శిక్ష) తెచ్చింది. ఆ సీజన్లోనే బుల్స్ 4-0తో పిస్టన్స్‌ని ఓడించారు. నియమం వల్లే గెలిచారని నేననను. జోర్డాన్ అప్పటికే టిమ్ గ్రోవర్ అనే ట్రైనర్‌ని పెట్టుకుని కండ పెంచాడు, జట్టూ పక్కాగా కుదిరింది.

ఇక చేయి వేయడం. బంతి పట్టుకున్నవాడి నడుం మీదో పక్క మీదో చేయి ఆనించి, వాడు ఎటు తిరగాలన్నా ఆ చేతిని దాటుకుని తిరిగేలా చేయడం. దీన్ని 1978లోనే గట్టిగా కట్టడి చేయాలని చూశారు, 1994లో మళ్లీ బిగించారు, అయినా నడుస్తూనే వచ్చింది. నిజంగా పట్టుబట్టి ఆపింది 2004-05 సీజన్లో. మంచితనం పొంగి ఆపలేదు లెండి. అంతకు ముందు సీజన్లో జట్టు సగటు స్కోరు 93.4కి పడిపోయింది. ఒక ప్లేఆఫ్ మ్యాచ్‌లో డిట్రాయిట్ 78, న్యూజెర్సీ 56. టీవీ ముందు జనం ఆవలిస్తున్నారు. చేయి తీయించగానే మరుసటి సీజన్లో సగటు 97.2కి లేచింది, ఆరడుగుల మూడంగుళాల స్టీవ్ నాష్ వరసగా రెండేళ్లు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు.

కాబట్టి నా సలహా ఇదీ. “మోటు”, “మొరటు” రెండూ పక్కన పెట్టి, ఏ పని గురించి చెబుతున్నారో ఆ పనే రాయండి. పడేసేవారు, నెట్టేవారు, చేయి వేసి ఆపేవారు. మన భాషలో క్రియలకి కరువా?

డల్లాస్ నుంచి:
మాస్టారూ, బాగా చెప్పారు. అయినా నా పాయింట్ అక్కడే ఉంది. మీరు చెప్పిన పనులన్నీ జోర్డాన్ మీద జరిగాయి. వాటి మధ్య అతను ఆరు టైటిళ్లు కొట్టాడు. లెబ్రాన్ 2023 ఫిబ్రవరిలో కరీమ్ అబ్దుల్-జబ్బార్ కెరీర్ మొత్తంలో చేసిన 38,387 పాయింట్ల రికార్డు దాటాడు, కాదనను. కానీ నడుం మీద చేయి లేకుండా దాటాడు. మా ఇంట్లో నాకూ మా అబ్బాయికీ రోజూ ఇదే టెన్షన్.

డ్రిల్లు మాస్టారు:
తమ్ముడూ, సగమే చెప్పావు. 2001 వరకు జోన్ డిఫెన్స్ (మనిషిని కాక చోటుని కాపు కాయడం) నిషేధం. నువ్వు కాపు కాసే మనిషి ఎక్కడో మూలన ఉంటే నువ్వూ అటే ఉండాలి, లేదా వెళ్లి బంతి ఉన్నవాడి మీద పడాలి. మధ్యలో తచ్చాడుతూ దారి మూసేస్తే ఇల్లీగల్ డిఫెన్స్ అని విజిల్ వేసేవారు. అంటే జోర్డాన్ ఒంటి మీద చేతులు ఎక్కువ, ముందు గుంపు తక్కువ. లెబ్రాన్‌కి చేతులు తక్కువ, గుంపు ఎక్కువ. ఏది కష్టమంటే నేను జోర్డాన్ పడ్డదే కష్టమంటాను, ఎందుకంటే గుంపుని పాసుతో విడగొట్టొచ్చు, నడుం మీది చేతిని పాసు వదిలించదు. కానీ దాన్నిబట్టి లెబ్రాన్ మెత్తనివాడు అంటే ఒప్పుకోను. ఆరడుగుల తొమ్మిదంగుళాలు, సుమారు 250 పౌండ్ల మనిషి పరిగెత్తుకొస్తుంటే ఎదురు నిలబడి దెబ్బ తినేవాడిని అడుగు, ఎవరు మెత్తనో చెబుతాడు.

డల్లాస్ నుంచి:
మరి ఇంకా వెనక్కి పోతే? విల్ట్ చాంబర్లిన్ 1962 మార్చి 2న ఒక్క మ్యాచ్‌లో 100 కొట్టాడు. ఆ సీజన్ సగటు 50.4. అప్పుడు ఫిజికల్ కాదా?

డ్రిల్లు మాస్టారు:
అక్కడ లీగ్ తాకిడిని తగ్గించలేదు, గీతలు జరిపింది. రింగు కింద పెయింట్ భాగం మొదట ఆరడుగుల వెడల్పే. భారీ ఆటగాడు జార్జ్ మైకన్ అందులో పాతుకుపోతున్నాడని 1951లో 12 అడుగులు చేశారు. చాంబర్లిన్ వచ్చాక 1964లో 16 అడుగులు. ఒళ్లు పెద్దదైనందుకు వేసిన శిక్ష అది, ఒళ్లు తగిలించినందుకు కాదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. మనం ఎంతసేపూ అడ్డుకునేవాడినే మొరటు అంటున్నాం. షకీల్ ఓనీల్ రింగుకి వీపు పెట్టి, వెనకున్నవాడిని ఒక్కో అడుగూ నెట్టుకుంటూ పోయేవాడు. అక్కడ తాకిడి ఎవరిది? నెట్టేది దాడి చేసేవాడు, నెట్టించుకునేది కాపలావాడు, ఫౌల్ మాత్రం చాలాసార్లు కాపలావాడికే. చివరికి ఓనీల్‌ని ఆపలేక జట్లు కావాలని పట్టుకోవడం మొదలెట్టాయి, ఎందుకంటే ఫౌల్‌కి బదులుగా ఇచ్చే, ఎవరూ అడ్డుకోని ఫ్రీ త్రోలు అతనికి 52.7 శాతమే పడేవి. అందులో దెబ్బ లేదు, కోపం లేదు, లెక్క మాత్రమే ఉంది. దాన్ని దురుసు అంటారా మేడమ్?

తెనాలి టీచర్:
అనలేను. అది ఎత్తుగడ. సరే, “ఫిజికల్” సంగతి మీరు తేల్చారు, “సాఫ్ట్” సంగతి నేను చూస్తాను. దీనికి “మెత్తన” చక్కగా అతుకుతుంది. “మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి” అన్న సామెతలో మెత్తదనం ఒంటిది కాదు, స్వభావానిది. ఆటలో సాఫ్ట్ అన్నప్పుడు కూడా కండ లేదని కాదు కదా, తగులుతుందని వెనక్కి తగ్గుతాడని.

డల్లాస్ నుంచి:
అచ్చంగా అదే మేడమ్. లేకర్స్‌కి ఆడిన స్పెయిన్ ఆటగాడు పావ్ గసోల్ ఏడడుగుల మనిషి. 2008 ఫైనల్స్‌లో బోస్టన్ చేతిలో లేకర్స్ ఓడాక సాఫ్ట్ అని ముద్ర వేశారు. 2010లో అదే బోస్టన్ మీద ఏడో మ్యాచ్‌లో 18 రీబౌండ్లు (రింగులో పడక తిరిగొచ్చిన బంతులు) పట్టాడు, టైటిల్ గెలిచారు. రెండేళ్లలో ఒళ్లు మారలేదు, మేం అనే మాట మారిపోయింది. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ ముద్ర ఎక్కువగా పడేది యూరప్ నుంచి వచ్చినవాళ్ల మీద, బయటి నుంచి షూట్ చేసేవాళ్ల మీద. 2015-16లో స్టెఫెన్ కర్రీ 402 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేసిన ఏడాది కూడా మా గ్రూపుల్లో “90లలో ఆడితే తెలిసేది” అన్నవాళ్లే ఎక్కువ. కర్రీని బంతి లేనప్పుడు ఎలా పట్టుకుని లాగుతారో వాళ్లు చూడరు. కెమెరా బంతి వెంట పోతుంది మరి.

వరంగల్ నుంచి:
ఒక మాట. చెడుగుడులో ఎప్పుడన్నా “ఆట ఫిజికల్ అయింది” అన్నరా? కూతకు పోయినోణ్ని కాళ్లు పట్టి గుంజుడే అక్కడ ఆట. పట్టు మంచిగుందా లేదా అనే చూస్తరు. తాకుడు తప్పని రాసి పెట్టుకున్న ఆటలోనే ఈ ముచ్చట పుడుతది. మన దగ్గర దీనికి మాట దొరకకపోవడానికి అదొక కారణమేమో.

డ్రిల్లు మాస్టారు:
భేష్. “పట్టు”లాగే “ఒడుపు” కూడా కుస్తీ, చెడుగుడు ఆడేవాళ్ల నోట బాగా నలిగింది. బలాన్ని ఎక్కడ ఎంత వాడాలో తెలియడం. నన్నడిగితే ఓనీల్‌ది బలం, లాంబీర్‌ది ఒడుపు. లాంబీర్‌ని అందరూ మొరటోడు అంటారు గానీ, రిఫరీ చూపు అటు తిరిగిన క్షణం పట్టుకోవడంలో అతన్ని మించినవాడు లేడు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను, చూడండి: “జోర్డాన్ కాలంలో రింగు మీదికి ఎగిరినవాడిని కింద పడేసేవారు, బంతి ఉన్నవాడిని చేయి వేసి ఆపేవారు. ఇప్పుడు ఆ రెండూ కుదరవు. కానీ దారిలో ఎక్కువమంది కాపు కాస్తారు.” పొడుగైంది గానీ, ఎవరూ తిట్టా పొగడ్తా అని అడగలేదు.

ఒక్కటి మిగిలింది. ఏమీ తగలకుండానే తగిలినట్టు పడిపోయేవాళ్లని ఏమనాలి? ఫ్లాపింగ్ అంటారు. “నటన” అని రాస్తే మర్యాదగా ఉంది, “యాక్షన్” అని రాస్తే సినిమా ఫైటులా ఉంది.

తెనాలి టీచర్:
తొండి. గోలీలాటలో, తొక్కుడుబిళ్లలో ఏ పిల్లాడికైనా తెలిసిన మాట. అది తిట్టే, తిట్టుగానే ఉండాలి.

డల్లాస్ నుంచి:
సూపర్ మేడమ్. 2023-24 నుంచి లీగ్ కూడా అలా పడితే అక్కడికక్కడే టెక్నికల్ ఫౌల్ ఇచ్చి అవతలివాళ్లకి ఒక ఫ్రీ త్రో ఇస్తోంది. “తొండి ఫౌల్” అని రాసేయండి.

వరంగల్ నుంచి:
మా దిక్కు “తొండి చేసిండు” అనే అంటం. రాసేటప్పుడు “తొండి పడ్డాడు” అని మాత్రం రాయకండి, బల్లి పడ్డట్టుంటది.