లిటిల్ యోసెమిటీ వ్యాలీలో రెండు రాత్రులు: టెంట్ ఎక్కడ వేయాలి, రూల్స్ ఏమిటి?

ప్రశ్న:
జులైలో నలుగురం అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్క్‌లో హ్యాపీ ఐల్స్ అనే చోటు నుంచి ఎక్కి, లిటిల్ యోసెమిటీ వ్యాలీలో రెండు రాత్రులు ఉండి, మధ్యరోజు హాఫ్ డోమ్ అనే రాతికొండ ఎక్కాలనుకుంటున్నాం. నెవాడా ఫాల్ పైన నది పక్కనే టెంట్ వేసుకోవచ్చా? ఆ కొండ ఎక్కడానికి పట్టుకునే కేబుల్స్‌కి (ఇనుప తాళ్లకి) వేరే లాటరీ పెట్టాలా? పైన ఫుడ్ లాకర్లు ఉన్నాయంటున్నారు, అయినా బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బా) మోయాల్సిందేనా?

జవాబు 1:
నెవాడా ఫాల్ దగ్గర కుదరదండీ. యోసెమిటీ వ్యాలీ నుంచి కాలిబాట మీద 4 మైళ్లు దాటాకే టెంట్ వేయాలి, ఆ జలపాతం అంతకంటే ముందే వస్తుంది. మీరు దిగాల్సింది లిటిల్ యోసెమిటీ వ్యాలీ క్యాంప్‌గ్రౌండ్‌లోనే. సుమారు 6,100 అడుగుల ఎత్తులో ఉంటుంది, అంటే హ్యాపీ ఐల్స్ నుంచి దాదాపు 2,000 అడుగులు ఎక్కాలి. అక్కడ నంబర్లు వేసిన సైట్లు ఉండవు, ఖాళీగా ఉన్న చదును నేల చూసుకుని వేసుకోవడమే. కంపోస్టింగ్ టాయిలెట్ ఉంది. నీళ్లు మెర్సెడ్ నదివే, ఫిల్టర్ చేసి గానీ మరిగించి గానీ తాగండి.

రాత్రులు ఉండటానికి వైల్డర్‌నెస్ పర్మిట్ తీసుకునేటప్పుడు ట్రెయిల్‌హెడ్ (కాలిబాట మొదలయ్యే చోటు) పేరు జాగ్రత్తగా చదవండి. ‘హ్యాపీ ఐల్స్ టు లిటిల్ యోసెమిటీ వ్యాలీ’ వేరు, ‘హ్యాపీ ఐల్స్ పాస్ట్ లిటిల్ యోసెమిటీ వ్యాలీ’ వేరు. మొదటిదైతే తొలి రాత్రి ఈ క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉండాలి. రెండోదైతే దీన్ని దాటి వెళ్లాలి. మీ ప్లాన్‌కి కావాల్సింది మొదటిదే. 60 శాతం కోటా 24 వారాల ముందు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో లాటరీకి వస్తుంది, మిగతా 40 శాతం 7 రోజుల ముందు వదులుతారు. లాటరీలో రాకపోయినా ఆ రెండో ఛాన్స్ వదులుకోకండి.

హాఫ్ డోమ్‌కి డే హైకర్ల (ఒక్కరోజులో వెళ్లి వచ్చేవాళ్ల) లాటరీ మీకు అక్కర్లేదు. వైల్డర్‌నెస్ పర్మిట్‌లోనే నలుగురికీ హాఫ్ డోమ్ కలిపి అడగండి, తలా కొంత ఫీజు కట్టాలి. డోమ్ శిఖరం మీద మాత్రం రాత్రి ఉండకూడదు.

జవాబు 2:
లాకర్లున్నా క్యానిస్టర్ తప్పనిసరి. చెట్టుకి తిండి వేలాడదీయడం యోసెమిటీలో నిషేధం, అలా తాళ్లకి కట్టిన తిండి దించుకోవడం ఎలుగుబంట్లు ఎప్పుడో నేర్చేసుకున్నాయి.

రెండు రాత్రులకి ఇద్దరికి ఒక బేర్‌వాల్ట్ బీవీ500 క్యానిస్టర్ (11.5 లీటర్లు) సరిపోతుంది, సర్దడం తెలిస్తే. చిప్స్ లాంటి గాలి ప్యాకెట్లు అసలు పెట్టకండి, మిగతావి జిప్ కవర్లలోకి మార్చి గాలి తీసేయండి. మొదటిరోజు మధ్యాహ్నం తినేది లోపల పట్టాల్సిన పని లేదు, దారిలో చేతికందేలా ఉంచుకోండి. చాలామంది మర్చిపోయేది వాసన వచ్చే సామాను: టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, లిప్‌బామ్, చెత్త కవర్. రాత్రికి ఇవి కూడా లోపలికే. అందుకే మొదటే కాస్త చోటు మిగల్చండి. మూత తిప్పేటప్పుడు లోపలి బొడిపెలు దాటి టక్కుమనేదాకా తిప్పాలి, సగంలో ఆపితే మూసినట్టు కనిపిస్తుంది గానీ తెరుచుకుంటుంది. చలికి ప్లాస్టిక్ బిగుసుకుని పొద్దున్నే తెరవడం కష్టమవుతుంది, గట్టి ప్లాస్టిక్ కార్డుతో బొడిపె నొక్కితే సులువు. డబ్బాని టెంట్‌కి దూరంగా ఉంచండి, నది వైపు వాలు మీద వద్దు. ఎలుగు దొర్లిస్తే తిండి నీళ్లపాలే.

మంట వేయాలంటే అక్కడి ఉమ్మడి ఫైర్ రింగుల్లోనే (మంట కోసం ఏర్పాటు చేసిన గుండ్రటి చోట్లలోనే), నేల మీద పడిన ఎండు పుల్లలతోనే. వేసవిలో మంటల మీద ఆంక్షలు రావచ్చు, కాబట్టి వంటకి గ్యాస్ స్టవ్ పెట్టుకోండి. గిన్నెలు నదిలో కడగకూడదు, నీళ్లు పట్టుకుని 100 అడుగులు దూరం వెళ్లి కడగాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. బరువు సంచులతో మిస్ట్ ట్రెయిల్ ఎక్కడం నయమా, జాన్ ముయర్ ట్రెయిలా?

జవాబు 1:
జాన్ ముయర్ ట్రెయిలే. కొంచెం దూరం ఎక్కువ, కానీ వాలు తక్కువ. మిస్ట్ ట్రెయిల్‌లో వెర్నల్ ఫాల్ పక్కన రాతిమెట్లు ఎత్తుగా, తడిగా ఉంటాయి. వీపున బరువుంటే ఒళ్లు వెనక్కి లాగుతుంది, దిగేటప్పుడు ఇంకా ప్రమాదం.

హాఫ్ డోమ్‌కి క్యాంపు నుంచి ఒకవైపు సుమారు మూడున్నర మైళ్లు. తెల్లవారుజామునే బయల్దేరండి, మధ్యాహ్నం ఉరుములు పట్టేలోగా కేబుల్స్ దిగిపోవాలి. మబ్బు కమ్ముతుంటే ఎక్కడం మొదలుపెట్టనే వద్దు, తడిస్తే ఆ రాయి చాలా జారుతుంది.

జవాబు 2:
కింద ట్రెయిల్‌హెడ్ పార్కింగ్‌లో వదిలే కారులో రాత్రిపూట తిండి ఏదీ ఉండకూడదు. పిల్లల సీటు కింద బిస్కెట్ ముక్కలు, గ్లవ్ బాక్స్‌లో చూయింగ్ గమ్‌తో సహా తీసి అక్కడి లాకర్లలో పెట్టాకే నడక మొదలుపెట్టండి.