‘మీరు మా జలాల్లోకి వస్తున్నారు’ అని రేడియోలో వినిపిస్తే అది నిజమో కాదో ఎలా తేల్చాలి?

పెదవాల్తేరు టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డిసెంబరు 4 నేవీ డేకి మా బళ్ళో తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత దక్షిణ చైనా సముద్రం మీద పెద్ద గోడపటం వేయిస్తున్నాం. మన విశాఖ ఓడ ఐఎన్‌ఎస్ ఐరావత్‌తో మొదలుపెట్టాం. 2011 జులై 22న అది వియత్నాంలోని న్యాచాంగ్ నుంచి హైఫాంగ్ వైపు వెళ్తోంది. తీరానికి 45 నాటికల్ మైళ్ళ దూరంలో ఉండగా, చైనా నేవీ అని చెప్పుకున్న ఒక గొంతు రేడియోలో ‘మీరు చైనా జలాల్లోకి వస్తున్నారు’ అంది. చుట్టూ ఓడా కనపడలేదు, విమానమూ కనపడలేదు. ఐరావత్ తన దారిన తాను వెళ్ళింది.

పిల్లలు ఇక్కడే పట్టుకున్నారు. ఆ మాట తప్పని మనకెలా తెలుసు? ఓడే లేకపోతే గొంతు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంకో చిక్కు కూడా ఉంది. పటంలో ప్రతి దిబ్బ చుట్టూ 12 మైళ్ళ వలయం గీశాం, మొత్తం వలయాలతోనే నిండిపోయింది. ఎక్కడో తప్పు దొర్లిందనిపిస్తోంది. తెలిసినవాళ్ళు దారి చూపండి.

చార్టుబల్ల

టీచర్ గారూ, తప్పు వలయాల దగ్గరే జరిగింది. సముద్రం మీద హక్కు నేల నుంచి పుడుతుంది. అందుకని ప్రతి చుక్క దగ్గరా పిల్లలు ముందు ఒకటే అడగాలి: నిండు పోటు వేళ అక్కడ నేల పైకి కనపడుతుందా?

పోటులోనూ తేలి ఉండి, మనుషులు ఒక సముదాయంగా నిలవడానికో, సొంత ఆర్థిక జీవనానికో ప్రకృతి సిద్ధంగా వీలున్నదైతే అది పూర్తి దీవి. దానికి 12 మైళ్ళ ప్రాదేశిక జలాలూ (ఆ దేశపు సొంత జలాలు) వస్తాయి, 200 మైళ్ళ ఈఈజడ్ (చేపల మీద, అడుగున ఉన్న చమురు మీద మాత్రమే హక్కుండే సముద్రం) కూడా వస్తుంది. (ఈఈజడ్‌ని ‘ప్రత్యేక ఆర్థిక మండలి’ అని రాయించకండి. మన దగ్గర ఆ మాట వింటే అచ్యుతాపురం సెజ్ గుర్తొస్తుంది.) తేలి ఉన్నా ఆ వీలు లేనిది రాయి, దానికి 12 మైళ్ళే. ఆటులో బయటపడి పోటులో మునిగిపోయేదానికి సొంతంగా ఏమీ రాదు. పైన ఎంత ఇసుక పోసినా, ఎంత కాంక్రీటు కట్టినా లెక్కలోకి వచ్చేది దాని సహజ రూపమే. కృత్రిమ దీవి చుట్టూ దక్కేది గరిష్ఠంగా 500 మీటర్ల భద్రతా వలయం.

ఫిలిప్పీన్స్ 2013లో చైనా మీద వేసిన కేసులో 2016 జులై 12న అంతర్జాతీయ మధ్యవర్తులు ఇచ్చిన తీర్పు ఈ కొలబద్దతోనే నడిచింది. ఫియరీ క్రాస్, స్కార్‌బరో రాళ్ళన్నారు. మిస్‌చీఫ్, సెకండ్ థామస్ ఆటు దిబ్బలన్నారు. ఆ సముద్రంలోని స్ప్రాట్లీ దీవుల్లో సహజంగా ఏర్పడినవాటిలో అన్నిటికంటే పెద్దదైన, తైవాన్ చేతిలో ఉన్న ఇటు అబాను కూడా రాయి కిందే కట్టారు. జాలర్లు వచ్చి బావినీళ్ళు తాగి కొన్నాళ్ళుండి పోవడం, కంపెనీలు రెట్ట ఎరువు తవ్వుకుపోవడం స్థిర నివాసం కిందికి రావన్నది వాళ్ళ తర్కం. ఇటు అబాకే 200 మైళ్ళు లేవంటే స్ప్రాట్లీల్లో మరి దేనికీ లేవు. ఆ సముద్రంలో చాలాభాగం తనదంటూ చైనా చూపే గీతల పటం ఆధారంగా అడిగే చారిత్రక హక్కులకు చట్టపరమైన పునాది లేదనీ తేల్చారు. ఇక్కడొకటి గట్టిగా చెప్పండి: ఏ రాయి ఏ దేశానిది అన్నది ఆ తీర్పు ముట్టుకోలేదు.

ఇక పటం కొలత. 120 సెం.మీ. ఎత్తు, 100 సెం.మీ. వెడల్పు అట్ట తీసుకోండి. కింద 5, పైన 25 డిగ్రీల ఉత్తర అక్షాంశాలు, ఎడమన 105, కుడిన 122 డిగ్రీల తూర్పు రేఖాంశాలు. అక్షాంశంలో ఒక డిగ్రీ 60 నాటికల్ మైళ్ళు, దానికి 6 సెం.మీ. ఇస్తే సరిగ్గా 1 మి.మీ. = 1 మైలు. రేఖాంశాలు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి వాటికి డిగ్రీకి 5.8 సెం.మీ. చాలు. అప్పుడు 12 మైళ్ళ వలయానికి వ్యాసార్థం 1.2 సెం.మీ., 200 మైళ్ళకు 20 సెం.మీ. దూరాలెప్పుడూ పక్క అంచున ఉన్న అక్షాంశాల కొలత మీదే తీయాలి. కింది అంచున ఉన్న రేఖాంశాలతో కొలిస్తే లెక్క తప్పుతుంది, పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. నాటికల్ మైలు అంటే 1852 మీటర్లు, రోడ్డు మైలు కాదు.

చుక్కలు సుమారుగా: స్కార్‌బరో 15°08' ఉ, 117°46' తూ. సెకండ్ థామస్ 9°44', 115°52'. మిస్‌చీఫ్ 9°54', 115°32'. ఇటు అబా 10°23', 114°22'. ఫియరీ క్రాస్ 9°33', 112°53'. సూబి 10°55', 114°05'. రాళ్ళ చుట్టూ గీత, ఆటు దిబ్బలకు ఉత్త చుక్క. సగానికి పైగా వలయాలు చెరిగిపోతాయి.

గంగవరం గాలి

పైన చెప్పినదానికి ఒక మినహాయింపు కలపాలి. ఆటు దిబ్బ మరో నేలకు 12 మైళ్ళ లోపలుంటే, ఆ నేల వలయాన్ని కొలిచేటప్పుడు దిబ్బ అంచు నుంచి మొదలుపెట్టొచ్చు. సూబి కథ అదే. దానికి 12 మైళ్ళ లోపల శాండీ కే అనే చిన్న ఇసుక తిన్నె ఉంది. 2015 అక్టోబరులో అమెరికా ఓడ లాసెన్ సూబి పక్కగా ఆగకుండా, హెలికాప్టర్ లేపకుండా వెళ్ళింది. ‘ఇది ప్రాదేశిక జలాల్లో చేసే నిరపాయ ప్రయాణంలా ఉంది కదా, అంటే సూబి చుట్టూ చైనా వలయాన్ని ఒప్పుకున్నట్టేనా’ అని విమర్శలొచ్చాయి. 2017 మేలో డ్యూయీ అనే ఓడ మిస్‌చీఫ్‌కు 6 మైళ్ళ లోపలికి వెళ్ళి, మనిషి నీళ్ళలో పడితే తీసే డ్రిల్లు చేసి చూపించింది. ప్రాదేశిక జలాలైతే ఆగకుండా, మెలికలు తిరగకుండా, విన్యాసాలు లేకుండా పోవాలి, జలాంతర్గామి అయితే పైకి తేలి జెండా ఎత్తి పోవాలి. డ్రిల్లు చేశారంటే ‘ఇక్కడ మీ వలయం లేదు’ అని చేతల్లో చెప్పినట్టు. ఓడ ఎక్కడికి వెళ్ళిందన్నదాని కంటే అక్కడ ఎలా నడిచిందన్నదే చట్టంలో సాక్ష్యమవుతుంది.

ఐరావత్ సంగతి. వియత్నాం తీరానికి 45 మైళ్ళంటే 12 దాటింది, 24 మైళ్ళ పక్క మండలం (కస్టమ్స్ లాంటి తనిఖీలు చేయగల మేర) కూడా దాటింది. అక్కడ ఏ తీరదేశానికైనా ఉండేది చేపల మీద, అడుగున ఉన్న చమురు మీద హక్కు. దారిన పోయే ఓడను ఆపే హక్కు ఉండదు. అందుకే ఆగకుండా సాగిపోవడం సరైన పనే.

గొంతు ఎక్కడిదంటే, ఓడలు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో చూపు కన్నా కొంచెం ఎక్కువ దూరం వంగుతుంది. రెండు యాంటెనాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కలిపి 2.2తో గుణిస్తే దూరం మైళ్ళలో వస్తుంది. రెండూ 25 మీటర్లైతే 5+5=10, అంటే 22 మైళ్ళు. అవతలిది 100 మీటర్ల ఎత్తున ఉంటే 33. కంటి చూపుకి మాత్రం అదే లెక్కలో 2.1 దగ్గర ఆగుతుంది, పైగా వేసవి మసకలో అందులో సగం కూడా కనపడదు. కాబట్టి ‘వినపడింది, కనపడలేదు’ అనడంలో వింతేమీ లేదు. ఛానల్ 16 (ఓడలన్నీ వినే పిలుపు, ఆపద ఛానల్) ఎవరైనా నొక్కి మాట్లాడగలిగేది, గొంతును బట్టి అది ఏ దేశపు ఓడో తేల్చలేం.

మన వైపు మాట కూడా పిల్లలకు దాచొద్దు. 1995లో సముద్ర చట్ట ఒడంబడికకు ఆమోదం తెలిపినప్పుడు భారత్, తన ఈఈజడ్‌లో విదేశీ సైనిక విన్యాసాలకు తన అనుమతి కావాలని ప్రకటించింది. మన 1976 చట్టం ప్రకారం విదేశీ యుద్ధనౌక ప్రాదేశిక జలాల్లోకి రావాలంటే ముందుగా తెలపాలి. చైనా 1992 చట్టం అనుమతే కావాలంటుంది. 2021 ఏప్రిల్ 7న జాన్ పాల్ జోన్స్ అనే అమెరికా ఓడ లక్షద్వీప్‌కు 130 మైళ్ళ పడమరన మన ఈఈజడ్‌లో తిరిగి, భారత్ వాదనకు అభ్యంతరంగా వెళ్ళామని ప్రకటించినప్పుడు ఢిల్లీ తన ఆందోళన తెలిపింది. గీతల పటం విషయంలో మనం చైనాకు ఎదురుగా ఉన్నాం, ఈఈజడ్‌లో విన్యాసాల విషయంలో దానికి దగ్గరగా ఉన్నాం. ఈ రెండూ చెప్తేనే పటం నిజాయితీగా ఉంటుంది.

పెదవాల్తేరు టీచర్

ఇద్దరికీ ధన్యవాదాలండి, అట్ట కొలత బ్రహ్మాండంగా కుదిరింది. పదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: తీర్పు వచ్చి ఇన్నేళ్ళైంది, మరి అక్కడ ఏమీ మారలేదెందుకు?

లంగరు

ఆ తీర్పుని అమలు చేసే పోలీసులెవరూ లేరు. చైనా ఆ కేసులో పాల్గొననే లేదు. సరిహద్దు గీతలు, సైనిక కార్యకలాపాల తగాదాలను నిర్బంధ విచారణ నుంచి మినహాయించుకుంటామని 2006లోనే ప్రకటించింది. అక్కడ రోజువారీ పోటీ నడిపేది యుద్ధనౌకలు కావు, తెల్లరంగు కోస్ట్ గార్డ్ ఓడలూ, చేపల బోట్ల వేషంలో ఉండే మిలీషియా (ప్రభుత్వం వెనకుండే అర్ధసైనిక దళం). ఎందుకంటే 1951 నాటి అమెరికా–ఫిలిప్పీన్స్ రక్షణ ఒప్పందం ‘సాయుధ దాడి’ జరిగితేనే కదులుతుంది. తుపాకీ పేలిస్తే ఆ గడప దాటినట్టు. నీటి ఫిరంగి కొడితే, లేజర్ వేస్తే, పక్క నుంచి రాసుకుంటూ పోతే దాటినట్టా కాదా అన్నది తేలదు. ఆ తేలని చోటే ఆట అంతా.

సెకండ్ థామస్ చూడండి. ఫిలిప్పీన్స్ 1999లో సియెరా మాడ్రే అనే 100 మీటర్ల పాత ఓడను దిబ్బ మీదికి కావాలనే ఎక్కించి, అందులో కొద్దిమంది సైనికుల్ని పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇనుము, ఉప్పునీటిలో తుప్పు తింటోంది. తిండి, నీళ్ళు వెళ్తే మనుషులుంటారు. సిమెంటు, ఇనుప రేకులు వెళ్తే ఓడ నిలుస్తుంది. అడ్డుకునే చైనావాళ్ళ కన్నంతా ఆ రెండో రకం సరుకు మీదే. 2024 మార్చి 5న నీటి ఫిరంగి దెబ్బకు సరఫరా పడవ అద్దం పగిలి నలుగురు గాయపడ్డారు. జూన్ 17న పడవల్ని చుట్టుముట్టి గొడ్డళ్ళతో ఎక్కారు, ఒక నావికుడి బొటనవేలు తెగిపోయింది. జులైలో రెండు దేశాల మధ్య సరఫరాలపై తాత్కాలిక అవగాహన కుదిరింది. మొత్తం తగాదాలో కాస్త పనిచేసినవాటిలో అదొకటి.

ఢీకొనడాలు ఎందుకు జరుగుతాయో పిల్లలకు లెక్కతోనే చూపండి. 2018 సెప్టెంబరు చివర్లో గేవెన్ దిబ్బ దగ్గర చైనా డిస్ట్రాయర్ అమెరికా ఓడ డెకాటర్‌కు 45 గజాల దగ్గరికి వచ్చింది, అంటే 41 మీటర్లు. రెండు ఓడల మధ్య సాపేక్ష వేగం 20 నాట్లైతే సెకనుకు 10 మీటర్లు చొప్పున నాలుగు సెకన్లలో ఆ దూరం అయిపోతుంది. వేల టన్నుల ఓడ చుక్కాని తిప్పాక ముక్కు కదలడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. పైగా పక్కపక్కన పోయే రెండు పెద్ద ఓడల మధ్య నీటి పీడనం తగ్గి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. 2025 ఆగస్టు 11న స్కార్‌బరో దగ్గర ఫిలిప్పీన్స్ కోస్ట్ గార్డ్ ఓడను తరుముతూ చైనా కోస్ట్ గార్డ్ 3104, చైనాదే అయిన యుద్ధనౌకను గుద్దుకుని ముందుభాగమంతా నుజ్జయింది. ఒకే ఓడను అడ్డుకోవడానికి రెండు వైపుల నుంచి ఇద్దరు దూసుకొస్తే జరిగేది అదే.

నిబంధనలు లేక కాదు. మన దారికి అడ్డంగా వచ్చే ఓడ కుడిపక్కనుంటే దారి ఇవ్వాల్సింది మనమే అన్నది అంతర్జాతీయ నియమం. 2012లో స్కార్‌బరో దగ్గర చైనా ఓడలు ఆ నియమాల్ని మీరాయని 2016 తీర్పు కూడా చెప్పింది. 2014లో చింగ్‌డావ్‌లో నేవీలు ఒప్పుకున్న ఎదురుపాటు నియమావళి స్వచ్ఛందమైనది, పైగా కోస్ట్ గార్డ్‌కు వర్తించదు. గొడవంతా ఎవరు చేస్తున్నారో వాళ్ళే దాని బయట ఉన్నారు!

జాలరిపేట వలతాడు

ఆ అమ్మాయికి మన బంగాళాఖాతం కూడా చూపించండి టీచర్ గారూ, తీర్పు పనిచేసిన చోటు ఇక్కడే ఉంది. 2014 జులై 7న భారత్–బంగ్లాదేశ్ సముద్ర సరిహద్దు కేసులో, తగాదాలో ఉన్న 25,602 చ.కి.మీ.లో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్ళాయి. మన వైపు మధ్యవర్తి పి.శ్రీనివాసరావు గారు కొన్ని అంశాలపై విభేదిస్తూ విడిగా రాశారు. అయినా రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. దూరంగా ఒక ‘బూడిద ప్రాంతం’ కూడా మిగిలింది. అక్కడ అడుగు నేల వాళ్ళది, పైన నీళ్ళలో ఈఈజడ్ హక్కు మనది. దాన్ని పటంలో రెండు రంగుల గళ్ళతో చూపిస్తే బాగుంటుంది.

గీత కాగితం మీద తేలినా పడవకు కనపడదు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట నీటి వాలు (ప్రవాహం) ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. ఉత్తరపు వాలులో ఇంజను ఆగిన బోటు, వాలు ఒక నాటు ఉన్నా రోజుకు 24 మైళ్ళు కొట్టుకుపోతుంది, మీ పటం మీద 2.4 సెం.మీ. సరంగులు జీపీఎస్‌లో గీతకు 10 మైళ్ళ ఇవతలే అలారం పెట్టుకోవాలి. గీత మీదే పెట్టుకుంటే మోగేటప్పటికి వల ఇంకా నీళ్ళలోనే ఉంటుంది, ట్రాల్ వల పైకి లాగి పడవ తిప్పడానికి చాలా సమయం పడుతుంది. ఇంజను ఆగిన వెంటనే ఛానల్ 16లో గానీ, సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554కి గానీ చెప్పాలి. గీత దాటాక చెప్తే అది అవతలి దేశం పని అయిపోతుంది.

అట్ట మీద బంగాళాఖాతానికి చోటుండదు, కొలత మార్చకుండా పక్కన ఇంకో అట్ట తగిలించండి. భారత్ సరిహద్దు మాత్రం సర్వే ఆఫ్ ఇండియా పటం పెట్టి దిద్దించండి, ఇంటర్నెట్ బొమ్మ నుంచి కాదు.