అప్‌డేట్: తుఫాను దాటింది, కరెంటు ఆరో రోజున వచ్చింది

2025 జనవరిలో అడిగాను కదా, ఐర్లాండ్‌లో కనెమారా తీరంలో ఉంటున్నాం, ఏఓవిన్ తుఫానుకు రెడ్ వార్నింగ్ (అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక) ఇచ్చారు, ఏం సర్దుకోవాలి అని. అందరం క్షేమం.

24వ తేదీ తెల్లవారుజామున గాలి రైలు దూసుకుపోతున్నట్టు హోరుమంది. మాకు దగ్గర్లోని మేస్ హెడ్‌లో గంటకు 180 కి.మీ. దాటిందట, ఐర్లాండ్‌లో 1945 నాటి గాలి వేగం రికార్డు పోయింది. మాది కాకినాడ, తుఫాన్లు కొత్త కాదు. కానీ ఈ చలిలో కరెంటు లేకపోవడం వేరే కథ.

బకెట్లు నింపి పెట్టుకోమన్నవాళ్లకు దండం. మోటారు ఆగితే కుళాయి కూడా ఆగుతుందని నాకు తట్టనే లేదు. ఇండక్షన్ పొయ్యి అలంకారమైపోయింది. పక్కింటి పెద్దావిడ తన కట్టెల పొయ్యి మీద అన్నం వండుకోనిచ్చింది. మా చారు రుచి చూసి, దగ్గి, మళ్లీ గ్లాసు చాపింది!

తెల్లారి చూస్తే కిటికీ అద్దాలన్నీ ఉప్పు పట్టి తెల్లగా ఉన్నాయి, వేలితో గీస్తే గీత పడింది. ఎవరిదో ట్రాంపొలిన్ మా గోడ మీద వాలి ఉంది. ఇంకా ఎవరూ అడగలేదు.

ఈసారి గ్యాస్ క్యాంపింగ్ స్టవ్, పెద్ద పవర్ బ్యాంక్ ముందే కొంటున్నాను.